మోం బ్లాం చుట్టూ మౌంటెన్ బైక్: ఏ వైపు తిరగాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మోం బ్లాం పర్వతాన్ని చుట్టి వచ్చే దారి సుమారు 170 కిలోమీటర్లు. ఎక్కుడంతా కలిపితే 10,000 మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడూ తగులుతాయి. నడిచేవాళ్లు పది పదకొండు రోజులు పెట్టుకుంటే, సైకిల్ మీద నాలుగైదు రోజుల్లో ముగించేవాళ్లు ఎక్కువ. నేను రెండు వైపులా తిరిగాను. అప్పటి నుంచీ నన్ను అడిగేవన్నీ ఈ ప్రశ్నలే కాబట్టి ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

ఒక మాట మాత్రం ముందే. "సవ్యం, అపసవ్యం" అంటే తికమక పడేవాళ్లున్నారు. అందుకని పర్వతం మీ కుడిచేతి వైపు ఉంటే ప్రదక్షిణం, ఎడమచేతి వైపు ఉంటే అప్రదక్షిణం అని రాస్తున్నాను.

## బయల్దేరే ముందు

ఏ వైపు తిరిగితే ఎక్కుడు తక్కువ?

ఏ వైపైనా ఒకటే. బయల్దేరిన చోటికే తిరిగి వస్తున్నారు కాబట్టి ఎక్కినంతా దిగాల్సిందే, దిగినంతా ఎక్కాల్సిందే. ఒక వైపు "సులువు" అని ఎవరైనా అంటే వాళ్లు మీటర్ల గురించి మాట్లాడడం లేదు. ఆ మీటర్లలో ఎన్ని తొక్కుతూ ఎక్కుతారు, ఎన్ని తోసుకుంటూ ఎక్కుతారు అన్నదే అసలు లెక్క. ప్రతి కనుమకూ ఒక పక్క జీపు బాట ఎక్కువ ఎత్తు దాకా వస్తుంది, రెండో పక్క కాలిబాట చాలా కింద నుంచే మొదలవుతుంది. జీపు బాట మీద ఎక్కి కాలిబాట మీద దిగితే సైకిల్‌కి సైకిల్‌గా పని ఉంటుంది. తలకిందులైతే కాలిబాట మీద సైకిల్ మోసి, జీపు బాట మీద బ్రేకులు పట్టుకుని దిగుతారు. దిగిన మీటర్లు అవే, సరదా మాత్రం సగం.

అందుకే మ్యాప్ ముందు పెట్టుకుని ఒక కాగితం మీద కనుమల పేర్లు రాసుకోండి. ఒక్కోదానికీ రెండు పక్కలా జీపు బాట ఎంత ఎత్తులో ఆగిపోతుందో పక్కన వేసుకోండి. ఏ వైపు తిరగాలన్నది సగం అక్కడే తేలిపోతుంది.

మొదటిసారి వెళ్తున్నాను. ఒక్క మాటలో చెప్పండి, ఏ వైపు?

అప్రదక్షిణం. ఫ్రాన్స్‌లోని షామొనీ లోయ నుంచి పడమటి పక్కగా బొనోమ్, సేన్య్ కనుమలు దాటి ఇటలీలోకి, అక్కడి నుంచి గ్రాన్ కోల్ ఫెర్రే మీదుగా స్విట్జర్లాండ్‌కి, చివర్లో బాల్మ్ కనుమ దాటి తిరిగి షామొనీకి. తోసుకోవడం ఎక్కువే, అది కాదనను. కానీ పెద్ద దిగుళ్లన్నీ ఓ మోస్తరు రైడరు కూడా కిందపడకుండా దిగగలిగే పక్కనే పడతాయి. తోసుకుంటే ఒళ్లు నొప్పులు వస్తాయి. వాలులో పడితే ఎముకలు పోతాయి. మొదటిసారి ఒళ్లు నొప్పులే ఎంచుకోండి.

నిటారు రాళ్ల దారిలో వెనక చక్రాన్ని ఎత్తి మలుపు తిప్పడం వచ్చినవాళ్లకు, కాళ్ల కన్నా చేతుల మీద నమ్మకం ఉన్నవాళ్లకు ప్రదక్షిణం బాగుంటుంది. వాళ్లు ఎవరినీ అడగరనుకోండి.

నడిచేవాళ్లందరూ ఒకే వైపు వెళ్తారట కదా, మనమూ అటే వెళ్లాలా?

నడిచేవాళ్లలో ఎక్కువ మంది అప్రదక్షిణంగానే వెళ్తారు. మీరూ అటే వెళ్తే రోజూ అదే గుంపుతో పాటు ఉంటారు, కనిపించేవి ఎక్కువగా వీపులే. దిగేటప్పుడు వాళ్ల వెనక నుంచి వస్తారు. గాలి హోరులో మీ చప్పుడు వాళ్లకు వినపడదు. ఎదురు తిరిగితే ముఖాలు కనిపిస్తాయి, మిమ్మల్ని దూరం నుంచే చూస్తారు. కానీ ప్రతి ఒక్కరి కోసమూ ఆగాలి, అదీ మీరు దిగుతున్నప్పుడు.

నా అనుభవంలో దిశ కన్నా వేళ ముఖ్యం. రెఫ్యూజుల్లో, అంటే కొండమీది బస ఇళ్లలో, పడుకున్నవాళ్లు పొద్దున్నే ఏడింటికల్లా దారి పడతారు, పదికీ పన్నెండుకీ మధ్య కనుమల మీద గుమిగూడతారు. ప్రదక్షిణంగా వెళ్తూ ఆ వేళకు దిగితే వరుస తెగదు. అదే దిగుడు సాయంత్రం నాలుగింటికి ఖాళీ.

ఎక్కడ మొదలుపెట్టాలన్నదీ ఏ వైపన్నదీ ఒకటే నిర్ణయమా?

కాదు, రెండూ వేరు. కలిపి ఆలోచించేవాళ్లే ఇబ్బంది పడతారు. ఏ వైపు వెళ్లినా కనుమలు అవే. ఎక్కడ మొదలుపెడితే ఏ కనుమ ఏ రోజున వస్తుందన్నది మారుతుంది. షామొనీ దగ్గర మొదలెట్టి అప్రదక్షిణంగా వెళ్తే బొనోమ్ మొదటి రోజే మీద పడుతుంది. కాళ్లు కొత్తగా ఉంటాయి, సైకిల్ మోయడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు. అదే ఇటలీ పక్క కూర్మాయర్ ఊళ్లో మొదలుపెడితే మొదటి రోజు ఫెర్రే, బొనోమ్ వచ్చేసరికి ఒళ్లు కుదుటపడి ఉంటుంది. ఎక్కువ మోత ఉన్న కనుమ రెండో రోజో మూడో రోజో పడేలా చూసుకోవడం నా అలవాటు.

ఈ-బైక్ అయితే లెక్క మారుతుందా?

బాగా మారుతుంది. ఈ-బైక్‌కి జీపు బాట ఎక్కుడంటే లెక్కే లేదు. కాలిబాట ఎక్కుడు వస్తే మాత్రం ఇరవై కిలోలు దాటిన బండిని మెట్ల మీద ఈడ్చుకెళ్లాలి. అందువల్ల జీపు బాటలు ఎక్కువ ఎత్తు దాకా సాయం వచ్చే ప్రదక్షిణమే దానికి అనుకూలం, దిగుళ్లలో నిటారు దారి తట్టుకోగలిగితేనే. ఇంకోటి చార్జింగ్. కొండమీది రెఫ్యూజుల్లో కరెంటు తక్కువ. మీ బ్యాటరీకి ఇస్తారని అనుకోవద్దు, గది బుక్ చేసేటప్పుడే అడగండి. లోయలోని ఊళ్లలో రాత్రి ఆగేలా రోజుల్ని విడగొట్టుకుంటే ఈ బెంగ ఉండదు.

జీపీఎస్ ఫైల్ ఉంది. తిరగేస్తే చాలదా?

గీత తిరగబడుతుంది, దారి తిరగబడదు. ఫైలు చేసినవాడు దిగడానికి ఎంచుకున్న సన్నబాట మీకు ఎక్కుడుగా వస్తుంది. పక్కనే జీపు బాట ఉన్నా గీత అటు చూపించదు. లిఫ్టుల (తీగ మీద కొండ ఎక్కించే బండ్ల) దగ్గర బైక్ పార్కు ట్రాకులు ఒకే వైపు దిగడానికి వేసినవి, వాటి మీదుగా పైకి ఎక్కితే ఎదురొచ్చేవాడు మీ మీద పడతాడు. తిరగేసిన ఫైలులో ప్రతి ఎక్కుడునూ మ్యాప్ మీద చేత్తో మళ్లీ గీసుకోండి. ఓ గంట పని.

## కనుమ కనుమకీ

బొనోమ్ దగ్గర ఎటు ఎక్కితే మంచిది?

ఈ చుట్టులో సైకిల్‌ని ఎక్కువ ఏడిపించే కనుమ ఇదే. ఫ్రాన్స్‌లో కాంటమీన్ ఊరి పక్కన నోత్ర్ దామ్ ద లా గోర్జ్ అనే చిన్న గుడి దగ్గర, 1,210 మీటర్ల ఎత్తులో ఎక్కుడు మొదలవుతుంది. అక్కడి నుంచి పాతకాలం రాతిపలకల దారి. తడిస్తే టైరు పట్టు దొరకదు, తొక్కేవాడు కూడా దిగి తోస్తాడు. లా బాల్మ్ రెఫ్యూజు దాకా జీపు బాట ఉంటుంది, అంటే దాదాపు 1,700 మీటర్ల వరకు. తర్వాత కాలిబాటే. 2,329 మీటర్ల బొనోమ్ కనుమ చేరాక "అయిపోయింది" అనిపిస్తుంది, కానీ అవ్వలేదు. అక్కడి నుంచి క్రువా ద్యు బొనోమ్ దాకా రాళ్ల మీద అడ్డంగా సాగే బాట, ఇంకో 150 మీటర్ల ఎత్తు. సైకిల్ భుజాన వేసుకోవాల్సింది ఎక్కువగా ఇక్కడే.

అటు పక్క లే షాపియు అనే చిన్న ఊరి వైపు 900 మీటర్లకు పైగా పచ్చిక మీద దిగే సన్నబాట. అక్కడక్కడా నీళ్లు కోసేసిన గాడులున్నా చాలా మటుకు తొక్కుతూ దిగొచ్చు. ప్రదక్షిణంగా వస్తే ఈ 900 మీటర్లూ తోసుకుంటూ ఎక్కి, ఆ రాళ్ల అడ్డబాట మోసి, చివర్లో రాతిపలకల మీద బ్రేకులు కాల్చుకుంటూ దిగాలి. ఈ కనుమ మాత్రం నిస్సందేహంగా అప్రదక్షిణానిదే.

సేన్య్ కనుమ?

ఇది ప్రదక్షిణం వైపు మొగ్గుతుంది. ఇటలీ పక్క వాల్ వెనీలో రోడ్డు, తర్వాత బండిబాట కోంబాల్ సరస్సు దాటి ఎలిసబెట్టా రెఫ్యూజు కాళ్ల దగ్గర దాకా వస్తాయి. రెఫ్యూజు ఎత్తు 2,195 మీటర్లు, కనుమ 2,516. అంటే తోయాల్సింది మూడు వందల పైచిలుకే. ఫ్రాన్స్ పక్క వీల్ దే గ్లాసియే దాటాక మోతే రెఫ్యూజు దగ్గర, 1,870 మీటర్ల ఎత్తులో బండిబాట ఆగిపోతుంది. మిగతా 650 మీటర్లూ మలుపుల కాలిబాట. దిగడానికి అదే మలుపుల బాట బ్రహ్మాండంగా ఉంటుంది.

గ్రాన్ కోల్ ఫెర్రే గురించి ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారేం?

ఇద్దరి మాటా నిజమే కాబట్టి. కనుమ ఎత్తు 2,537 మీటర్లు, రెండు పక్కలా ఉన్న లోయ పేరు ఒకటే, వాల్ ఫెర్రే. ఇటలీ వాల్ ఫెర్రే, స్విస్ వాల్ ఫెర్రే వేరు వేరు. గది బుక్ చేసేటప్పుడు ఏ దేశపు ఫెర్రే అన్నది రెండుసార్లు చూసుకోండి.

ఇటలీ పక్క అర్నూవా దాకా రోడ్డు, అక్కడి నుంచి ఎలెనా రెఫ్యూజు దాకా ఒళ్లు విరిచే బండిబాట, ఆపైన 475 మీటర్లు నిటారు కాలిబాట. స్విస్ పక్క లా ప్యూల్ అనే కొండపాక దాకా, అంటే 2,071 మీటర్ల దాకా జీపు బాట. ఆపైన కూడా బాట వాలు నెమ్మది. గట్టి కాళ్లున్నవాడు చాలా భాగం తొక్కేస్తాడు. కాబట్టి ఎక్కడానికి స్విస్ పక్క మేలు. చిక్కేమిటంటే దిగడానికీ స్విస్ పక్కే మేలు. కనుమ మీద నుంచి లా ప్యూల్ వైపు పచ్చికలో సాగే ఆ సన్నబాట ఈ మొత్తం చుట్టులో నాకు అన్నిటికన్నా నచ్చిన దిగుడు. బ్రేకు మీద వేలు ఆనించి ఉంచితే చాలు, బాటే తీసుకెళ్తుంది. దాన్ని ఎక్కుతూ ఖర్చు చేసుకోవడం నాకు మనసొప్పదు. ఎలెనా పైన రెండు గంటలు తోసుకున్నా సరే, అప్రదక్షిణమే అంటాను.

స్విట్జర్లాండ్‌లో షాంపే, త్రియాన్ ఊళ్ల మధ్య బోవీన్ బాట పట్టాలా, రోడ్డా?

బోవీన్ ఎక్కుడు షాంపే పక్క నుంచి రాళ్లు, వేళ్లు, వాగులు. అప్రదక్షిణంగా అయితే సైకిల్ మోత గ్యారంటీ. ఒళ్లు అలిసి ఉంటే మార్టిన్యీ వైపు రోడ్డు మీద దిగి ఫోర్క్లా కనుమకు రోడ్డు మీదే ఎక్కండి. వెయ్యి మీటర్ల ఎక్కుడే, కానీ తొక్కుతూ ఎక్కుతారు. ఫెనెత్ర్ దార్పెత్ కనుమ జోలికి మాత్రం ఏ వైపు నుంచీ పోవద్దు. 2,665 మీటర్ల ఎత్తులో బండరాళ్ల గుట్ట అది.

చివరి కనుమ బాల్మ్ కోసం దిశ మార్చుకోవడం అవసరమా?

లేదు. త్రియాన్ నుంచి అడవిలో మలుపులు తిరుగుతూ 900 మీటర్లు తోసుకోవాలి, అవతల ఫ్రాన్స్ పక్క ల టూర్ వైపు హాయిగా దిగొచ్చు. ఎదురు తిరిగితే ల టూర్ నుంచి లిఫ్టులో ఎక్కి, త్రియాన్ వైపు బిగుతు మలుపుల్లో దిగాలి. రెండూ ఒక పూట పని.

లిఫ్టులు వాడుకుంటే దిశ మారుతుందా?

ఎక్కుడు మొత్తం ఏ వైపైనా ఒకటే అన్న సూత్రం లిఫ్ట్ ఎక్కగానే చెల్లదు. ఫ్రాన్స్ పక్క ల టూర్ దగ్గర, లెజూష్ దగ్గర, ఇటలీలో కూర్మాయర్ దగ్గర లిఫ్టులున్నాయి. ప్రదక్షిణంగా వెళ్తే బాల్మ్ ఎక్కుడులో పెద్ద ముక్క లిఫ్ట్ తినేస్తుంది. కానీ బొనోమ్‌కీ సేన్య్‌కీ ఫెర్రేకీ లిఫ్టులు లేవు. కష్టమున్న చోట లేని లిఫ్ట్ కోసం దిశ మార్చడం అనవసరం. లిఫ్టులు నడిచే తేదీలు, సైకిళ్లు ఎక్కించుకునే వేళలు ఆ సంవత్సరానివి చూసుకోండి.

## మంచు, ఉరుములు, గాలి

జూలై మొదటి వారంలో వెళ్తున్నాం. మంచు ఉంటుందా?

ఎండ తక్కువ తగిలే పక్కల్లో ఉండొచ్చు, ముఖ్యంగా బొనోమ్‌కి కాంటమీన్ పక్క. మంచుపట్టీ మీద సైకిల్‌తో ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం. ఎక్కేటప్పుడు బూటు ముందు భాగంతో మెట్టు కొట్టుకుని, సైకిల్‌ని కర్రలా గుచ్చి నిలబడొచ్చు. దిగేటప్పుడు, అందులోనూ పొద్దున్నే గడ్డకట్టిన మంచు మీద, జారితే ఆపేది ఉండదు. అందువల్ల మంచు ఉన్న పక్క ఎక్కుడుగా వచ్చే దిశ ఎంచుకోండి. బొనోమ్ విషయంలో అది అప్రదక్షిణం. ముందు రోజు రెఫ్యూజుకి ఫోన్ చేసి అడగండి, వాళ్లకు కిటికీలోంచి కనిపిస్తుంది.

మధ్యాహ్నం ఉరుములు పడతాయంటారు. దిశకీ దానికీ సంబంధం ఉందా?

దిశకి కాదు, రాత్రి ఎక్కడ పడుకుంటారన్న దానికి. వేసవిలో ఆల్ప్స్‌లో మబ్బులు మధ్యాహ్నం నుంచి కడతాయి, కాబట్టి పెద్ద కనుమ పన్నెండు లోపు దాటేయాలి. అప్రదక్షిణంగా వెళ్తూ కూర్మాయర్‌లో పడుకుంటే ఫెర్రే కనుమకు 1,300 మీటర్లు ఎక్కాలి, పన్నెండు కావడం ఖాయం. దారిలోని బొనాత్తి రెఫ్యూజులోనో ఎలెనాలోనో పడుకుంటే పది లోపే పైన ఉంటారు. ప్రదక్షిణంగా అయితే స్విస్ పక్క లా ఫూలీ ఊళ్లో పడుకున్నా సరిపోతుంది, దారి చాలా వరకు తొక్కదగ్గది కనుక.

ఎదురుగాలి?

ఎండ ఎక్కినకొద్దీ లోయల్లో గాలి కింద నుంచి పైకి వీస్తుంది. మార్టిన్యీ దగ్గర రోన్ లోయలో మధ్యాహ్నం అది బాగా తెలుస్తుంది. లోయ రోడ్ల మీద దిగడం పొద్దున, ఎక్కడం మధ్యాహ్నం పెట్టుకుంటే గాలి మీ వైపే ఉంటుంది.

## బాట మీద

సన్నబాట మీద లోయ ఏ పక్కన ఉంటుందన్నది పట్టించుకోవాలా?

పట్టించుకోవాలి, ఎవరూ చెప్పరు దీన్ని. మనలో ఎక్కువ మందికి సైకిల్ ఎడమ పక్కకు దిగడం అలవాటు, ఆగితే ఎడమ కాలే కిందికి వస్తుంది. కూర్మాయర్ పైన బెర్తోనె రెఫ్యూజు నుంచి బొనాత్తి దాకా వెళ్లే బాట కొండ నడుముకు కట్టిన మొలతాడులా ఉంటుంది. అప్రదక్షిణంగా వెళ్తే కొండ కుడి పక్క, లోయ ఎడమ పక్క. లోయకు అవతల మోం బ్లాం గుంపు నిలబడి ఉంటుంది, కళ్లు అటే పోతాయి.

నేను అక్కడే ఫోటో కోసం ఆగుతూ అలవాటుగా ఎడమ కాలు దించాను. కింద నేల లేదు. అంటే ఉంది, రెండడుగుల కింద గడ్డి వాలు మీద ఉంది. నేనూ సైకిలూ కలిసి ఒక దొర్లు దొర్లి మొక్కల్లో ఆగాం. గేర్ హ్యాంగర్ (వెనక గేరును పట్టి ఉంచే చిన్న ముక్క) వంగింది, నా పరువు అంతకన్నా వంగింది. వెనక వస్తున్న ముసలావిడ తన చేతికర్ర అందించి పైకి లాగింది. అప్పటి నుంచి ఆ బాట మీద కుడి కాలు దించడం ముందు రోజే పార్కింగులో సాధన చేస్తున్నాను. ప్రదక్షిణంగా వెళ్తే ఆ బాట మీద లోయ కుడి పక్క ఉంటుంది, ఎడమ కాలు కొండ మీదే పడుతుంది. ఎత్తు భయం ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

నడిచేవాళ్లు ఎదురొస్తే ఎవరు ఆగాలి?

మీరే. ఏ వైపు వెళ్తున్నా, ఎక్కుతున్నా దిగుతున్నా. కాలు కింద పెట్టి, వాళ్ల భాషలో ఒక పలకరింపు. ఫ్రాన్స్‌లోనూ అక్కడి స్విస్ పక్కనా "బొంజూర్", ఇటలీలో "బ్వొన్ జోర్నో". ఆగస్టు చివర్లో షామొనీ నుంచి అప్రదక్షిణంగా సాగే యూటీఎంబీ పరుగు పందెం వారంలో మాత్రం ఏ దిశా మంచిది కాదు. తేదీలు మార్చుకోండి.

దృశ్యాల కోసం ఏ వైపు?

అప్రదక్షిణం. సేన్య్ కనుమ మీద చివరి అడుగు వేయగానే ఇటలీ పక్క కోసుగా లేచిన శిఖరాలు ఒక్కసారిగా ఎదురుపడతాయి. చివరి రోజు బాల్మ్ మీద షామొనీ లోయా మోం బ్లాం తెల్లటి వీపూ అలాగే. ఎదురు తిరిగితే ఇవి రెండూ మీ వీపు వెనక ఉంటాయి. ఫెర్రే మాత్రం స్విస్ పక్క నుంచి ఎక్కితేనే అలాంటి అనుభూతి.

సైకిళ్లకు నిషేధం ఉందా?

షామొనీ లోయలో జూలై, ఆగస్టు నెలల్లో చాలా కాలిబాటల మీద మౌంటెన్ బైకులకు అనుమతి లేదు, కేటాయించిన కొన్ని బాటలే తెరిచి ఉంటాయి. కాంటమీన్ పైన ప్రకృతి రక్షిత ప్రాంతానికి సొంత నియమాలున్నాయి. ఆ ఊరి పర్యాటక కార్యాలయంలో మ్యాప్ తీసుకుని ఆ ఏటి నియమాలు అడిగి, దాన్ని బట్టి రోజులు వేసుకోండి. సెప్టెంబరు మొదటి పక్షం నాకు ఇష్టం. జనం పలచబడతారు, మంచు ఇంకా దిగదు. రెఫ్యూజులు ఎప్పుడు మూస్తారో మాత్రం చూసుకోవాలి.

## మధ్యలో తేడా వస్తే

సగంలో ఆపేయాల్సి వస్తే ఎలా వెనక్కి రావాలి?

కూర్మాయర్ చేరితే పని తేలిక. 11.6 కిలోమీటర్ల మోం బ్లాం సొరంగం గుండా షామొనీకి బస్సు ఉంది. సొరంగంలో సైకిల్ తొక్కనివ్వరు. బస్సులో సైకిల్‌కి చోటు ముందే అడగాలి. స్విస్ పక్క లా ఫూలీ నుంచీ షాంపే నుంచీ ఓర్సియేర్‌కి బస్సు, అక్కడి నుంచి మార్టిన్యీకి రైలు, మళ్లీ వల్లోర్సీన్ మీదుగా షామొనీకి రైలు. ఇరుక్కుపోయేది లే షాపియు దగ్గర. అక్కడి నుంచి రోడ్డు బూర్ సాం మోరీస్ వైపు దిగిపోతుంది, షామొనీ చేరాలంటే పర్వతాలన్నీ చుట్టి రావాలి. అందుకని సైకిల్ గురించి అనుమానం ఉంటే బొనోమ్‌కి ముందే తేల్చుకోండి. అత్యవసరానికి మూడు దేశాల్లోనూ 112 పనిచేస్తుంది. స్విట్జర్లాండ్ ఐరోపా యూనియన్‌లో లేదు కాబట్టి ఫోన్ రోమింగ్ ప్యాక్ అక్కడ చెల్లుతుందో లేదో ముందే చూసుకోండి.

ఒక సగం ఒక వైపు, ఇంకో సగం ఇంకో వైపు తిరగొచ్చా?

తిరగొచ్చు, నాకు చాలా ఆలస్యంగా తట్టిన ఉపాయం ఇది. సొరంగం బస్సు ఈ చుట్టుని రెండు ముక్కలు చేస్తుంది. పడమటి సగంలో బొనోమ్, సేన్య్. తూర్పు సగంలో ఫెర్రే, బాల్మ్. షామొనీ నుంచి పడమటి సగం అప్రదక్షిణంగా తిరిగి కూర్మాయర్ చేరండి, బస్సులో షామొనీ వచ్చి ఒక రాత్రి బట్టలు ఉతుక్కుని పడుకోండి. తర్వాత తూర్పు సగం ఏ వైపు కావాలంటే ఆ వైపు. లిఫ్టులో బాల్మ్ ఎక్కి ప్రదక్షిణంగా వెళ్తే ఫెర్రే కనుమను స్విస్ పక్క నుంచి తొక్కుతూ ఎక్కొచ్చు. చుట్టు పూర్తి చేశామన్న తృప్తి కాస్త తగ్గుతుందని కొందరంటారు. నడుంనొప్పి ఉన్నవాళ్లెవరూ అనగా వినలేదు.

బ్రేక్ ప్యాడ్లు ఎన్ని తీసుకెళ్లాలి?

ముందుకొకటి, వెనకకొకటి, కొత్త జతలు. ఫెర్రే కనుమ నుంచి స్విస్ పక్క ప్రా ద ఫోర్ ఊరి దాకా ఒకే విడతలో దాదాపు 1,400 మీటర్లు దిగుతారు. వాన పడి బురద చేరితే ఒక్క రోజులో ప్యాడ్ అరిగి ఇనుము తేలడం చూశాను. సామాన్ల దుకాణాలు షామొనీలో, కూర్మాయర్‌లో ఉన్నాయి, మధ్యలో నమ్ముకోవద్దు. గేర్ హ్యాంగర్ కూడా ఒకటి అదనంగా పెట్టుకోండి, మీ మోడల్‌ది.